సేటు చెవి కాయితం

మొన్న ఆర్మూరు పసుపు బజారులో ఒక ఖాళీ మేకును చూసి, నడుస్తున్నవాణ్ణి ఉన్నపళంగా ఆగిపోయాను.

అది సేటు అడ్తి దుకాణం, రైతుల పసుపును కమీషను మీద అమ్మిపెట్టే చోటు. గోడకు కొత్తగా సున్నం వేశారు. ఒకపక్క లక్ష్మీదేవి పటం, ఇంకోపక్క లైసెన్సు, రెంటి నడుమ ఆ మేకు. దానికి వేలాడాల్సిన కాగితం లేదు. సేటు పోయిన వానకాలం కన్నుమూశాడు. దినాల భోజనం చేసి వచ్చాను, ఫొటోకు దండ వేసి వచ్చాను. అప్పుడెప్పుడూ తెలియలేదు ఆయన పోయాడని. ఆ మేకు దగ్గర తెలిసింది.

నాది ఆ దుకాణానికి ఎదురుగా గోనె సంచుల వ్యాపారం. బజారులో పసుపుకు తీసినట్టే నా మాటలకూ తరుగు తీసి వింటారు. "తమ్మీ, నీ మాటల్ల తాలు తీసేస్తే ఉత్త సంచే మిగుల్తది" అనేవాడు సేటు. మీరూ మీ తరుగు తీసుకోండి. ఆ కాగితం సంగతి వచ్చేసరికి మాత్రం తూకం సరిగ్గానే వేస్తాను.

సేటును తలుచుకుంటే ముందుగా నాకు కనిపించేది ఆయన కుడి చెవి. రైతు కుప్ప పోస్తాడు. సేటు రంగు చూడడు, పాలిష్ చూడడు. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి ఒక కొమ్ము బయటికి తీస్తాడు. కళ్లు మూసుకుని, కుడి చెవి పక్కన పెట్టుకుని పుటుక్కున విరుస్తాడు. బాగా ఎండిన కొమ్ము కంచుగిన్నె మీద గోరు తగిలినట్టు టంగుమంటుంది. లోపల తడి ఉంటే టప్పుమని ఊరుకుంటుంది. "మోగింది" అని సేటు అన్నాడంటే కొనేవాళ్లు వేలం పాట మొదలుపెట్టేవాళ్లు. "పచ్చి" అన్నాడంటే రైతు సంచులు కట్టుకుని కళ్లంలో మళ్లీ ఎండబెట్టుకోవడానికి ఇంటిదారి పట్టాల్సిందే. అప్పీలు లేదు. దుకాణంలో తేమ చూసే మిషను ఒకటి ఉండేది గాని దాన్ని ఆయన టోపీ పెట్టుకోవడానికి వాడేవాడు.

"కన్ను పాలిష్‌కు పడిపోతది తమ్మీ. చెవికి పాలిష్ వెయ్యరాదు." ఇది ఆయన రోజూ అనే మాట.

జక్రాన్‌పల్లి దగ్గర హైవే మీద బండిలో కొమ్ములు ఒరుసుకునే చప్పుడు విని, ఇక్కడ కూర్చుని ధర చెబుతాడని ఆయన గురించి నేనే ప్రచారం చేశాను. ఆయన కాదనలేదు.

ఇలాంటి చెవి ఉన్న మనిషి కొత్త ఇల్లు కట్టుకున్నాడు. హాలు నిండా తెల్ల మార్బుల్, రెండు వైపులా అద్దాల కిటికీలు. గృహప్రవేశానికి దుబాయిలో ఉన్న బావమరిది నిలువెత్తు స్పీకర్లు రెండు, ఒక రిసీవరు కార్గోలో పంపాడు. మొదటిరోజు పాట పెడితే బావిలో బిందె పడ్డట్టు హాలంతా గుమ్ముమంది. నేను చెవులు మూసుకున్నాను. సేటు కళ్లు మూసుకున్నాడు.

"స్పీకర్లు మంచియే తమ్మీ. రూము పచ్చిగున్నది."

"మరి ఎండవెట్టు సేటూ."

"ఎండవెడ్త" అన్నాడు. నేను నవ్వులాటకన్నాను. ఆయన నవ్వులాటకు అనలేదు.

రిసీవరుతోపాటు చదరంగం బంటు లాంటి చిన్న మైకు వచ్చింది. మనం కూర్చునే చోట, చెవి ఎత్తున దాన్ని పెడితే స్పీకర్లు ఊఁయ్ ఊఁయ్‌మని అరుస్తాయి. గది ఏ శబ్దాన్ని ఉబ్బిస్తుందో, దేన్ని మింగేస్తుందో మైకు విని చెబుతుంది. రిసీవరు ఆ మేరకు తగ్గించి, పెంచి పాట వినిపిస్తుంది. రూమ్ కరెక్షన్ అంటే అదే. కొలిచేటప్పుడు మాత్రం ఇంట్లో ఇంకే చప్పుడూ ఉండకూడదు. సేటు ఫ్యాన్లు ఆపాడు, ఫ్రిజ్ తీగ పీకాడు, చివరికి వాళ్లావిడను, మా వదినను, గాజులు తీయమన్నాడు.

"నువ్వు గట్టిగున్నంక నేనెందుకు తీస్త గాజులు?" అని వదిన ఇంతెత్తున లేచింది. "నీ మైకుకే చెప్పు, చెవులు మూసుకొమ్మని!"

ఆఖరికి చేతులకు తడిగుడ్డ చుట్టుకుని కూర్చుంది. కొలత సగంలో ఉండగా టమాటాల ఆటో లౌడ్‌స్పీకరు పెట్టుకుని వీధిలోకి వచ్చింది. రిసీవరు ఆ అరుపును కూడా గదిలోని లోపమే అనుకుని దిద్దేసింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంటి టీవీలో వార్తలు చదివే అమ్మాయి టమాటాలు అమ్ముతున్నట్టే చదివింది. ఎంత తరుగు తీసుకుంటారో మీ ఇష్టం, నేను నా చెవులతో విన్నాను.

ఎన్నిసార్లు కొలిచినా ఆ రిసీవరు కరెక్షన్ మంచిగా పూర్తయిందనే చెప్పేది. సేటుకు అక్కడే అనుమానం వచ్చింది. "గీ ఆటోమేటిక్‌ది కొత్తల్లుడసుంటిది తమ్మీ. ఏం వడ్డించినా మస్తున్నదంటది."

తర్వాత ఫోనులో ఒక యాప్ దించుకున్నాడు. ఫోను మైకు మనుషుల మాట వినడానికి చేసినది, కింది గుమ్ము దానికి సరిగా అందదు. "గిది సగం ఇని మొత్తం చెప్పే రకం" అని నావైపు చూశాడు. నేను కిటికీవైపు చూశాను.

గుమ్ము మూలల్లో పోగవుతుందని ఎక్కడో చదివి, హాలు మూలల్లో పసుపు సంచులు కప్పు దాకా పేర్చాడు. నిజంగానే తగ్గింది. చిక్కేమిటంటే పసుపు ధర పెరిగిన రోజు సంచులు మార్కెట్టుకు పోయేవి, హాలు మళ్లీ గుమ్ముమనేది. ఆ ఏడాది నేను రేటు తెలుసుకోవడానికి ఎవరినీ అడగలేదు. పొద్దున సేటు ఇంటి ముందు నిలబడితే తెలిసిపోయేది. చుట్టాలు వచ్చి సోఫాలో కూర్చుని లేస్తే వీపులు పచ్చగా ఉండేవి. "ఇంట్ల పెండ్లి లేకున్నా వచ్చినోళ్లందరికి నలుగు అయితున్నది" అనేది వదిన.

మూడోది లాప్‌టాప్ సాఫ్ట్‌వేరు, దానికి తగిలించే కొలత మైకు. సేటు దారిలో పడింది దానితోనే. ఆ సాఫ్ట్‌వేరు గీత గీసి చూపిస్తుంది, ఎక్కడ ఎంత దిద్దాలో మనమే చెప్పాలి. మొదట ఆ గీతలోని గుంతలన్నీ పూడ్చబోయి ఆంప్లిఫయరును పొగలు కక్కించాడు. అప్పటినుంచి వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పేవాడు. "గడ్డ ఉంటే చెక్కు. బొంద ఉంటే ముట్టకు. బొందల ఎంత పోసినా నిండది."

మైకు పెన్నంత సన్నగా ఉండేది. దాని ఒంటి మీద ఒక నంబరు. ఆ నంబరుతో వెతికితే దానికొక ఫైలు దొరికింది. ఈ మైకు ఏ శబ్దాన్ని ఉన్నదానికంటే ఎక్కువ వింటుందో, దేన్ని తక్కువ వింటుందో తయారుచేసినవాళ్లే కొలిచి అందులో రాసి పెట్టారు. సాఫ్ట్‌వేరు ఆ తేడాను తీసేసి మిగిలినది చూపిస్తుంది. మైకును స్పీకరు వైపు తిప్పితే ఒక ఫైలు, కప్పు వైపు తిప్పితే ఇంకొకటి.

సేటు ఆ మైకును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "గింత ఇమాన్‌దారును గీ బజార్ల చూల్లే తమ్మీ. నాకు గీడ తక్కువ ఇనవడ్తది, గాడ ఎక్కువ ఇనవడ్తదని ముందుగాల కాయితం రాసిచ్చి, గప్పుడు పనిల దిగింది."

"మరి నీ చెవికేది సేటూ కాయితం?" అన్నాను, ఊరికే.

"నా చెవికి కాయితమెందుకురా? బజారుకు నా చెవే కాయితం."

అందరూ స్పీకర్లను పాటలు పెట్టి పరీక్షిస్తారు. సేటు ఆ మైకు ముందు అంకాపూర్ పసుపు కొమ్ము ఒకటి విరిచి, ఆ చప్పుడు రికార్డు చేసి పెట్టుకున్నాడు. అదే ఆయన పాట. ఎడమ స్పీకరులో అది టంగుమంది. కుడి స్పీకరులో టప్పుమంది. ఆ రాత్రినుంచి ఆయనకు నిద్ర లేదు.

"కుడి దిక్కు మొద్దుగున్నది" అన్నాడు.

"నాకు రెండు దిక్కుల ఒక్కతీరుగనే ఉన్నది" అంది వదిన వంటింటి గుమ్మంలోంచి. "మొద్దుగున్నది నువ్వు."

కొలిచి చూస్తే తెరమీద ఎడమ గీతా కుడి గీతా జోడెడ్ల మాదిరి పక్కపక్కనే నడిచాయి. ఏ తేడా లేదు. మైకు అబద్ధమాడుతోందన్నాడు సేటు. ఇంకో కంపెనీ మైకు తెప్పించాడు. అదే గీత. హైదరాబాదులో రికార్డింగు స్టూడియో ఉన్న స్నేహితుడి దగ్గర ఖరీదైన మైకు అడిగి తెచ్చాడు. అదే గీత.

"మూడు ఒక్కటైనయ్ తమ్మీ. సిండికేటు" అన్నాడు. కొనేవాళ్లంతా కూడబలుక్కుని ధర పడగొట్టినప్పుడు ఆయన మొహం ఎలా ఉండేదో అప్పుడూ అలాగే ఉంది.

ఆ రోజుల్లోనే అంకాపూర్ అవ్వ పసుపు తెచ్చింది. ఏటా ఆమె సేటు దగ్గరికే వచ్చేది. పొద్దున్నే మబ్బు పట్టి ఉంది. అవ్వ కుప్ప పోయించింది. సేటు చెయ్యి దూర్చి, కొమ్ము తీసి, కళ్లు మూసుకుని కుడి చెవి పక్కన విరిచాడు.

"పచ్చి."

"ఏంది?" అంది అవ్వ.

"పచ్చిగున్నదవ్వా. ఇంకిన్ని ఎండలు చూపియ్యి."

"ఎముక లెక్క ఎండింది సేటూ. మల్ల ఇరువు."

మళ్లీ విరిచాడు. మళ్లీ పచ్చి అన్నాడు. అవ్వ లేచి తనే ఒక కొమ్ము తీసి ఆయన కుడి పక్కన నిలబడి విరిచింది. నేను రోడ్డు ఇవతల నా దుకాణంలో ఉన్నాను. నాకు టంగుమని వినిపించింది.

"ఇన్నవా?"

"ఇన్న. టప్పుమన్నది."

అవ్వ ఆయన మొహంలోకి చూసింది. కోపం తగ్గిన గొంతుతో అంది: "నా పసుపు మోగుతనే ఉన్నది కొడుకా. నీకే ఇనవడ్తలేదు."

పక్క దుకాణంలో ఎవడో కిసుక్కున నవ్వాడు. సేటు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "తీస్కపో అవ్వా."

"తీస్కపోను. తడిస్తే నీ దుకాణం ముంగటనే తడుస్తది. అందరు చూస్తరు." అవ్వ సంచుల మీద కూర్చుంది. నేను టార్పాలిన్ తీసుకుపోయి కుప్ప మీద కప్పాను.

ఆ మాట నిజమే అయితే ఆ ఒక్క కుప్పతో పోయే సంగతి కాదది. ఇన్నేళ్లూ బజారు ఆయన చెవిని నమ్మి కొన్నది, ఆయన చెవిని నమ్మి వెనక్కి తిరిగింది. సేటుకు అది నాకంటే బాగా తెలుసు. సాయంత్రం దుకాణం ముయ్యగానే నన్ను ఇంటికి పిలిచాడు.

"నువ్వు అబద్ధాలోనివే గని చెవులు మంచియి. జర సాయం వట్టు."

కుర్చీలో కూర్చుని కొమ్ము చప్పుడు పెట్టించాడు. ఎడమ టంగు, కుడి టప్పు. వైర్లు అటువి ఇటు మార్పించాడు. తప్పు వైర్లదైతే మొద్దుదనం ఎడమకు రావాలి. రాలేదు. స్పీకర్లనే ఎత్తి, దీని చోట దాన్ని పెట్టాం. కుడి వైపు ఏ స్పీకరున్నా మొద్దే.

"ఇగ మిగిలింది రూము" అన్నాడు. గొంతులో చిన్న ఆశ.

లేచి కుర్చీని వెనక్కి తిప్పాడు. స్పీకర్లకు వీపు పెట్టి, ఖాళీ గోడకు ఎదురుగా కూర్చున్నాడు. తప్పు గదిదైతే, మొద్దుదనం ఇందాకటి మూలలోనే ఉండాలి. నేను చప్పుడు పెట్టాను. ఒకసారి, ఇంకొకసారి. ఆయన చెయ్యి మెల్లగా లేచి రెండో మూలను చూపించింది.

మొద్దుదనం ఆయనతోపాటు తిరిగింది.

నాకు భయమేసింది. నోరు తనకు అలవాటైన పనే చేసింది. "వోల్టేజీ తక్కువున్నది సేటూ, ఆర్మూరు మొత్తం గిట్లనే..."

"తమ్మీ" అన్నాడు గోడవైపే చూస్తూ. "గీ ఒక్కపూట సంచి ఖాళీగ ఉంచు."

కుడి చెవి తడుముకుంటూ అన్నాడు: "పచ్చిగున్నది రూము కాదు."

వదిన వచ్చి కుర్చీ పక్కన, ఎడమవైపు నిలబడింది. "రేపు నిజామాబాదు పోదం. పెద్ద దవాఖానల చూపిచ్చుకుందం. దుకాణం బందువెట్టు."

"దవాఖాన ఏడికి వోదు. అవ్వ పసుపు మబ్బు కింద ఉన్నది."

"అందరి ముంగట చెప్తవా? నవ్వుతరు."

"నవ్వనియ్యి. మైకు తన తప్పు తనే రాసుకొని అచ్చింది. అది సిగ్గువడ్డదా?"

మర్నాడు పొద్దున్నే సేటు వచ్చాడు. తేమ మిషను మీది టోపీ తీసి తలకు పెట్టుకుని, మిషనును తుడిచి ముందు పెట్టాడు. అవ్వ కుప్ప మీద టార్పాలిన్ తీయించాడు. చెయ్యి దూర్చి కొమ్ము తీశాడు. చెయ్యి పాత అలవాటున కుడి చెవి దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. కిందికి దిగి, ఎడమ చెవి దగ్గరికి వచ్చింది. విరిచాడు.

"మోగింది!" అని బజారంతా వినబడేటట్టు అరిచాడు. "నిన్న గూడ మోగింది. మోగలేదన్నది నా కుడి చెవి. గా చెవి చెడిపోయింది. ఎప్పటిసంది చెడ్డదో నాకెరుకలే. గీ సీజన్ల నేను పచ్చి అని వాపసు పంపినోళ్లందరు మల్ల తెండ్రి. ఎడమ చెవితోటి ఇని చెప్త, మిషన్ల గూడ చూపిస్త. నమ్మనోళ్లు పక్క దుకాణంల పోస్కోండ్రి, నాకేం కోపం లేదు."

నిన్న నవ్వినవాడు పక్క దుకాణం అరుగు మీంచి అన్నాడు: "సేటూ, ఇగ పసుపు ఇడిసి కమ్మలమ్ముకో!"

సేటు విరిచిన ముక్కలను మిషనులో వేస్తున్నాడు. అవ్వే జవాబు చెప్పింది. "ఈని చెవి పోయిందని ఈడే చెప్పిండు. నీది ఉన్నదో పోయిందో నీకెవడు చెప్పాలె?"

పాట మొదలైంది. అవ్వ పసుపు తడవకముందే అమ్ముడుపోయింది.

అందరూ నిలబడలేదు. కొందరు రైతులు పక్క దుకాణానికి మారారు, వాళ్లలో కొందరు మళ్లీ రాలేదు. సేటు ఎవరినీ బతిమాలలేదు. తాను వాపసు పంపిన ఒక రైతు కోసం మాత్రం నవీపేట్ దాకా స్కూటరు మీద పోయి, అతని వాకిట్లో కొమ్ము విరిచి ఎడమ చెవితో విని వచ్చాడు. "గాయినది గూడ మోగింది తమ్మీ" అన్నాడు వచ్చి. ఆ పూట టీ తాగలేదు.

తర్వాతే దవాఖానకు పోయాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు బొంగరాల్లాంటివి తగిలించి, ఒక్కో చెవిలో సన్నని కూతలు వినిపించారట. చేతిలో గీతల కాగితంతో నా దుకాణంలోకి వచ్చాడు. ఎడమ చెవి గీత దాదాపు సాఫీగా పోయింది. కుడిది సగం దాకా దానితోపాటే నడిచి, ఒక్కసారిగా గుట్ట దిగినట్టు జారిపోయింది. పరీక్షలో మొదటి తరగతి వచ్చినంత సంబరం ఆయన మొహంలో.

"చూసినవా? నా కాలిబ్రేషన్ ఫైలు."

దానికి ప్లాస్టిక్ కవరు వేయించి, దుకాణంలో లక్ష్మీదేవి పటానికీ లైసెన్సుకూ నడుమ మేకు కొట్టి తగిలించాడు. వదిన చూసి నెత్తి కొట్టుకుంది. "దేవత పక్కపొంటి చెవిరోగం కాయితమా?"

"ఆమెకు గూడ ఎరుకుండాలె గదనే. కుడి దిక్కు నిలవడి వరమిస్తే నాకెట్ల ఇనవడ్తది?"

ఆ కాగితం ఏటా మారేది. సీజను మొదలయ్యే ముందు నిజామాబాదు పోయి, కొత్త కొలత తెచ్చి, పాతదాని మీద తగిలించేవాడు. రైతులు వచ్చీ రాగానే ముందు గోడవైపు చూసేవాళ్లు, తర్వాత ఆయనకు ఎడమవైపుకు పోయి నిలబడేవాళ్లు. ఆర్మూరు చుట్టుపక్కల రైతుల మెడలన్నీ ఎడమకు వంగిపోయాయని నేను చెప్పుకుని తిరిగాను. అది తరుగులోకి పోతే పోనీయండి.

హాలును కూడా ఆఖరిసారి కొలిచాడు. ఈసారి మైకును తన కుర్చీ దగ్గర పెట్టలేదు. వదిన కూరగాయలు తరుగుతూ కూర్చునే చోట పెట్టాడు. "నాకు ఎట్లున్నా ఒకటే. ఈమెకు రెండు మోగుతయ్" అన్నాడు. ఆమె ఈసారి అడగకుండానే గాజులకు తడిగుడ్డ చుట్టుకుంది.

మొన్న నేను మేకును చూస్తూ నిలబడ్డప్పుడే అంకాపూర్ అవ్వ బండి వచ్చి ఆగింది. ఇప్పుడు దుకాణంలో కూర్చునేది సేటు తమ్ముడు. మర్యాదస్తుడు. ఎదురొచ్చి, కుప్ప పోయించి, అన్న మాదిరే చెయ్యి దూర్చి, కొమ్ము తీసి, కుడి చెవి పక్కన విరిచాడు.

"మోగింది అవ్వా! మస్తు మోగింది. పాట వెట్టిస్త."

అవ్వ కదల్లేదు. గోడవైపు చూస్తోంది.

"కాయితమేది?"

"ఏం కాయితమవ్వా?"

"గా మేకుకుండేది. చెవి కాయితం."

"గా కాయితం మా అన్నది. సున్నమేసేటప్పుడు తీసినం. నా చెవులు మంచిగనే ఉన్నయవ్వా."

"మీ అన్న గూడ గట్లనే అన్నడు" అంది అవ్వ. "పోయి తెచ్చి తలిగియ్యి. గప్పుడు పిలువు పాటకు."

అని సంచుల మీద కూర్చుని, రోడ్డు ఇవతలికి కేకేసింది: "టార్పాలిన్ తే బిడ్డా!"

ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా తీసుకుపోయి ఇచ్చాను.